తీగకు గుచ్చిన ఉత్తరాలు

విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గరి సందులో మన సంగీత పాఠశాల నడిచిన పెంకుటిల్లు ఎరిగినవారికి, వసారాలో పెద్ద మాస్టారి కుర్చీ వెనుక దూలం నుంచి వేలాడిన ఇనుప తీగ కూడా గుర్తుండి ఉంటుంది. అడుగున చెక్క బిళ్ల, పైన కొక్కెం, ఆ రెంటి నడుమ వచ్చిన ఉత్తరమల్లా మధ్యలో చిల్లు పడి ఒకదాని మీద ఒకటి చేరి కూర్చునేది. 1968లో నేను సంగీతపు తొలిపాఠాలైన సరళీస్వరాలతో చేరినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. సముద్రపు గాలికి ఆ దొంతర ఊగుతూ ఉంటే దాని ఊపుకే తాళం వేసి చీవాట్లు తినేవాళ్ళం. "అమ్మాయీ, తాళం నీ చేతిలో ఉండాలి, తీగలో కాదు" అనేవారు మాస్టారు. తీగ నిండినప్పుడు ఆ ఉత్తరాలను ఊడదీసి, పురికొసతో కట్టి, లోపలి గదిలోని రేకు పెట్టెలో పడవేసేవారు. ఆ పెట్టె సంగతి ఆ తరువాత నలభై ఏళ్లకు పైగా నేను తలచుకున్న పాపాన పోలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని ఊడ్చిపెట్టినప్పుడు ఆ ఇంటి పెంకులు సగం లేచిపోయి లోపలి గదిలో నీళ్ళు నిలిచాయి. కరెంటు లేదు, ఫోన్లు పలకవు. నాలుగైదు రోజులు గడిచాక మాస్టారి కోడలుగారు, మేమందరం వదినగారని పిలిచే ఆవిడ, మనిషి చేత కబురు పంపారు. వెళ్ళేసరికి పెట్టె వసారాలోకి చేరి ఉంది. "అడుగంతా నానిపోయిందమ్మా. పిల్లలు పారేద్దామంటున్నారు. మామగారి చేతిరాత ఏమైనా ఉంటుందేమోనని నాకే మనసొప్పటం లేదు, నువ్వొకసారి చూడు" అన్నారు. మాస్టారి చేతిరాత అందులో దాదాపుగా లేదని మాకు తెలియడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది.

తడిసిన కాగితం సంగతి తెలియక మొదటిరోజు నేను చేసిన పొరపాటు ఇక్కడ ఒప్పుకోవాలి. కార్డులను డాబా మీద ఎండలో పరిచాను. మధ్యాహ్నానికి అవి అప్పడాల్లా ముడుచుకున్నాయి. ఆ తరువాత బుద్ధి తెచ్చుకుని, నీడలో పాత వార్తాపత్రికల మధ్య ఒక్కొక్కటిగా పేర్చి, పైన రుబ్బురోలు పొత్రం బరువు పెట్టి ఆరబెట్టాము. ఏ సిరాతో రాసినవారి అక్షరం ఎంతకాలం నిలుస్తుందో అప్పుడే తెలిసింది. రాయల్ బ్లూ సిరాతో ముచ్చటగా రాసినవారి మాటలు నీలి మరకలుగా మిగిలాయి. ఇనుము కలిసే బ్లూబ్లాక్ సిరాతో రాసినవి కాస్త వెలిసినా నిలిచాయి. కాపీయింగు పెన్సిలుతో గీకినవి తడి తగిలి ఊదారంగుకు తిరిగి మునుపటి కంటె స్పష్టంగా కనబడ్డాయి. మామూలు సీసపు పెన్సిలు రాతకు ఏమీ కాలేదు. అందమైన దస్తూరీ గలవాళ్ళు మంచి సిరా కొనుక్కుని నష్టపోయారన్నమాట. తుపాను చేసిన నష్టం కంటె, అంతకుముందు కాగితాలను తినే వెండిరంగు పురుగు చేసిన నష్టమే ఎక్కువ. పెట్టెలో ఎవరో ఎప్పుడో వేసిన కలరా ఉండలు కరిగి వాసన మాత్రమే మిగిలింది.

ఉత్తరాలను సంవత్సరాల వారీగా పేర్చడం అనుకున్నంత సులువు కాలేదు. తపాలా ముద్రలు చాలావరకు అలికినట్లున్నాయి. రాసినవారిలో పెద్దలు ఇంగ్లీషు తేదీ వేసేవారే కారు. సంవత్సరం పేరు, మాసం, తిథి, అంతే. "విజయ పుష్య బహుళ పంచమి, ఆరాధన నాటి రాత్రి" అని మొదలయిన ఒక కార్డును నేను 1953 కట్టలో పెట్టాను. విజయ నామ సంవత్సరం 1953 మార్చిలో ఉగాదితో మొదలయిన మాట నిజమే గాని, ఆ ఏటి పుష్యమాసం వచ్చేసరికి ఇంగ్లీషు లెక్కలో 1954 జనవరి. త్యాగరాజస్వామి ఆరాధన ఎప్పుడూ అటువైపే పడుతుందని సంగీతం నేర్చుకున్న నాకు తట్టకపోవడం సిగ్గుచేటు. తిథి కూడా లేనిచోట చిన్న గుర్తులు పట్టుకున్నాము: కార్డు మీది తపాలా బిళ్ల వెల నయాపైసలలో ఉంటే అది 1957 ఏప్రిల్ తరువాతిది, మడత పెట్టే ఇన్‌లాండ్ కవరయితే 1950కి ఇటువైపుది, చిరునామాలో పిన్‌కోడు కనబడితే 1972 ఆగస్టు దాటినట్లే.

అన్నిటికంటె పాతవి 1942 వేసవివి. ఏప్రిల్ 6న జపాను విమానాలు ఓడరేవు మీద బాంబులు వేశాక ఊరు ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయిన రోజులవి. మన పాఠశాల ఒక లెక్కా? పల్లెలకు వెళ్ళిపోయిన పిల్లల తండ్రులు రాసిన ఆ అయిదారు కార్డులలోనూ ఒకటే ప్రశ్న, పాఠాలు మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారని. ఒకాయన మాత్రం తాను కట్టవలసిన పాఠాల జీతం బాకీ గురించి ముందుగానే క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆ తరువాతి కట్టల్లో బొబ్బిలి ఉత్తరాలు చదవదగినవి. పనస మొద్దును తొలిచి కుండ, దండి ఒకే చెక్కలో చేసే ఏకాండి వీణకు బొబ్బిలి సీమ పెట్టింది పేరు. కొత్త వీణ కావాలని రాస్తే పనివారు చెక్క ఆరేదాకా ఆగమని జవాబిచ్చేవారు. మా వీణ టీచరుగారు ఓపిక పట్టలేక రాసిన ఘాటైన ఉత్తరం చిత్తుప్రతి ఒకటి దొరికింది: వేసవిలో మైనం మెత్తబడి మెట్లు జరిగిపోయాయనీ, ఇరవైనాలుగు మెట్లలో ఏ ఒక్కటీ తన చోట లేదనీ, మెట్లను మళ్ళీ శ్రుతికి అమర్చి మేళం కట్టడానికి మనిషిని పంపితే రైలు ఖర్చులు తామే భరిస్తామనీ అందులో ఉంది. మాతో ఎప్పుడూ మెల్లగా మాట్లాడిన ఆవిడకు అంత కోపం వచ్చేదని నాకు తెలియదు.

ఇక పత్రికలు. పెట్టెలో రెండు రకాలవి ఉన్నాయి. ఒకటి ఆకాశవాణివారి తెలుగు కార్యక్రమాల పత్రిక 'వాణి' సంచికలు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యేదాకా మన వైపు గాయకులకు మద్రాసు తప్ప దారి లేదు. మన ఊరికి కేంద్రం 1963 ఆగస్టు 4న గాని రాలేదు కాబట్టి ఆ మధ్యకాలంలో మన పాఠశాల వారు స్వరపరీక్షకు రాత్రి రైలెక్కి విజయవాడ పోవలసివచ్చేది. 'వాణి' పుటలలో మనవాళ్ళ పేరు ఎక్కడ పడితే అక్కడ ఎర్ర పెన్సిలు గీత, పక్కన పావుగంటో అరగంటో ఎంతసేపన్నది. ఇంట్లో రేడియో లేని మాస్టారు ఆ వేళకు ఎవరి అరుగు మీద కూర్చుని విన్నారో కూడా ఒకటి రెండు చోట్ల రాసి పెట్టుకున్నారు.

రెండవది మన లిఖితపత్రిక. ఒకే ప్రతి, చేతిరాత, అట్ట మీద రంగు పెన్సిళ్ళతో తంబూరా బొమ్మ. అది ఇంటింటికీ తిరిగి వచ్చేది. చివర విడిచిన తెల్లకాగితాల మీద చదివినవారు అభిప్రాయాలు రాయాలి. నిజం చెప్పాలంటే వ్యాసాల కంటె ఆ తెల్లకాగితాలే బాగున్నాయి. రేడియోవారు 1940లో హార్మోనియాన్ని వెలివేశారు గదా, మన పాఠశాలలో శ్రుతికైనా దాన్ని ఉంచవచ్చునా అన్న వ్యాసం ఒక సంచికలో ఉంది. మెట్టు నుంచి మెట్టుకు గెంతే వాద్యం మీద, స్వరాన్ని ఊపి పలికే గమకం పలకదని, అది పిల్లల చెవి పాడుచేస్తుందని రచయిత వాదం. దాని కింద ఎవరో, "వ్యాసకర్తగారింటి హార్మోనియం అమ్మకానికి పెడితే కొనడానికి నేను సిద్ధం" అని సంతకం లేకుండా రాశారు. 1964లో ద్వారం వెంకటస్వామినాయుడుగారు పోయినప్పటి సంచిక నల్ల అంచుతో ఉంది. 1919లో విజయనగరం గానపాఠశాల తెరిచినప్పుడే ఆయన అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరారు. ఆదిభట్ల నారాయణదాసుగారి తరువాత దాని అధ్యక్షులయ్యారు. మా మాస్టారు ఆ పాఠశాలలోనే చదువుకున్నారు కాబట్టి ఆ సంచికలో రాసినవారందరూ తమ ఇంటి పెద్ద పోయినట్లే రాశారు. ఇంకొక రెండు సంచికలు ఉండవలసింది గాని, ఏదో ఉత్సవానికని ఒక సంఘంవారు పట్టుకుపోయి తిరిగి ఇవ్వలేదని వదినగారు చెప్పారు.

ఈ లిఖితపత్రికలో ఏటేటా నివేదిక ఒకటి ఉండేది. కొత్తగా చేరినవారు, పరీక్షలో నెగ్గినవారు, దాతలు. చిట్టచివర "వివాహకారణమున విద్య విరమించినవారు" అని ఆడపిల్లల పేర్ల పట్టిక. ఆ పట్టికను చిన్నప్పుడే చూశాను, నమ్మాను. ఇప్పుడు ఉత్తరాల కట్టలు విప్పుతూ ఉంటే ఆ విరమించినవారే వరసగా కనబడుతున్నారు. రాయపూర్ నుంచి, జంషెడ్‌పూర్ నుంచి, బరంపురం నుంచి. "పూజ్యులైన మాస్టారుగారి పాదములకు నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టి, క్షేమసమాచారం రెండు ముక్కల్లో తేల్చి, మిగిలిన జాగానంతా స్వరాలతో నింపారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తాము పాడుకున్నది గుర్తున్నంతవరకు రాసి, తప్పులు దిద్ది పంపమని అడిగారు. మాస్టారు ఎర్ర పెన్సిలుతో దిద్దుకుని, ఆ దిద్దుబాటును వేరే కార్డు మీద రాసి పంపేవారు. అందుకే పెట్టెలో ఆయన చేతిరాత దాదాపుగా లేదు. ప్రశ్నలు మన దగ్గర ఉన్నాయి, సమాధానాలు ఎక్కడెక్కడి వంటిళ్ళలోనో ఉన్నాయి. నివేదిక రాసిన మహానుభావుడు ఎవరో గాని, తన తల పక్కనే వేలాడుతున్న తీగను ఒక్కనాడు కూడా చదివినట్లు లేదు.

వాటిలో ఖరగ్‌పూర్ నుంచి వచ్చినవి ఎక్కువ. రైల్వే కొలువుల కోసం మన ప్రాంతం నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ రాసినామె 1953లో కాపురానికి వెళ్ళింది. 1955 నడుమ ఆమె చిరునామాలో తూర్పు రైల్వే అన్నది ఆగ్నేయ రైల్వే అయింది. ఇల్లు మాత్రం అదే. ఆమె వెళ్ళేనాటికి 'విరిబోణి' వర్ణం సగంలో ఉంది. పచ్చిమిరియం ఆదియప్పయ్యగారి ఆ భైరవి అటతాళ వర్ణాన్ని నేర్చుకున్నవారికి తెలుసు, అది సగంలో విడిచిపెట్టేది కాదు. అటతాళపు లెక్కకు అయిదు, అయిదు, రెండు, రెండు అక్షరాల చొప్పున నిలువుగీతలు గీసి, తారస్థాయికి పైచుక్క, మంద్రానికి కిందిచుక్క పెట్టి, చక్కగా రాసేది. భైరవిలో వచ్చే చిక్కు ఆరవ స్వరమైన ధైవతంతోనే. పైకి వెళ్ళేటప్పుడు కాస్త హెచ్చుగా పలికే చతుశ్రుతి, దిగేటప్పుడు తగ్గుగా పలికే శుద్ధం. కాగితం మీద రెంటికీ ఒకటే 'ద'. వర్ణంలోని ఎత్తుగడ స్వరాల కార్డు ఒకదాని మీద ఆమె బాణంగుర్తు వేసి, "ఇక్కడ ఏ ధైవతం, మాస్టారూ? రెండూ పాడి చూశాను, రెండూ బాగానే ఉన్నట్లున్నవి" అని అడిగింది. బాణం సరిగ్గా తీగ చిల్లులోకి పోయింది. పద్నాలుగు అక్షరాల లెక్క కట్టి చిల్లులో ఎన్ని స్వరాలు పోయాయో చెప్పగలిగాము గాని, అవి ఏవో చెప్పలేకపోయాము. మాస్టారి ఎర్ర గుర్తు కూడా ఆ చిల్లులోనే పోయింది.

1957 శీతకాలంతో ఆమె ఉత్తరాలు ఆగిపోయాయి. నాకు వెంటనే తోచినది చెడ్డ సంగతే. దానికి కారణం ఉంది. ఈ పెట్టెలో ఉన్న కొన్ని వందల కార్డులలో ఒక్క చావు కబురు లేదు. ముప్ఫయ్యేళ్ల ఉత్తరాలలో ఎవరూ పోకుండా ఉంటారా? అశుభం రాసిన కార్డును చదివిన వెంటనే చింపి వీధిలో పారవేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం ఆనాడు మన ఇళ్ళలో ఆచారం కదా. తీగ మీదికి శుభమో, పాఠమో, బాకీయో ఎక్కింది గాని మరణం ఎక్కలేదు. అందుచేత ఈ కట్టల్లో మనుషులు చనిపోరు, రాయడం మానేస్తారు, అంతే. ఖరగ్‌పూర్ అమ్మాయి విషయంలోనూ నేను అదే లెక్క వేసి, జాబితాలో ఆమె పేరు ఎదుట ఒక చిన్న గీత పెట్టాను.

మరుసటి ఏడాది పూర్వవిద్యార్థుల చిరునామాలు సేకరిస్తున్నప్పుడు ఆ ఖరగ్‌పూర్ అక్కయ్యగారు ఎనభయ్యో ఏట మన ఊళ్ళోనే మురళీనగర్‌లో మనుమరాలి ఇంట్లో ఉన్నారని తెలిసింది. వెళ్ళి, ఉత్తరాలు ఎందుకు ఆగిపోయాయని అడిగాను. ఆవిడ నా వైపు వింతగా చూశారు. "ఈ ఊరికే, వాల్తేరుకు బదిలీ అయి వచ్చేశాం కదమ్మా. రోజూ ఎదురుగా కూర్చుని పాఠం చెప్పించుకుంటూ ఇంకా ఉత్తరం ఎందుకు రాస్తాను?" అన్నారు. నివేదికలో మళ్ళీ పేరు ఎందుకు ఎక్కలేదంటే, పిల్లవాణ్ణి చంకనేసుకుని వంటింటి వైపు నుంచి వచ్చి, మాస్టారి భార్యగారి దగ్గర కూర్చుని నేర్చుకునేవారట. హాజరుపట్టీ వసారాలో ఉండేది.

తరువాత ఆవిడ కుట్టుమిషను సొరుగు లాగించి, రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట బయటికి తీశారు. మాస్టారి అక్షరాలు, ఎర్రవి కావు, నల్లసిరావి. నేను నా సంచిలో నుంచి చిల్లు కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని దాని జవాబు వెతికి పక్కన పెట్టారు. దానికీ చిల్లు ఉంది. వాళ్ళింటి తీగ కాస్త కిందుగా గుచ్చుకుని, మాస్టారి సంతకం మీద పడింది. ధైవతం చెక్కుచెదరలేదు.