తొంభై మూడు ముప్పావు

పన్నెండు దాటింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. నా నిద్ర మాత్రం తొంభై మూడు ముప్పావు దగ్గర ఆగిపోయింది.

చిన్నది బడి ప్రదర్శనలో తను చేసిన బుక్‌మార్కులు అమ్మింది. ఒక్కటీ మిగల్లేదు. "వందకు 25 శాతం లాభం వేసుకున్నానమ్మా. చివర్లో మిగిలినవాటికి 25 శాతం తగ్గించి, పడిన ఖర్చుకే ఇచ్చేశాను" అంది సంబరంగా. నేను ఊరుకోవచ్చు కదా! వంద నూట పాతిక అయ్యాక, ఆ నూట పాతికలో పావు వంతు తీసేస్తే మిగిలేది వంద కాదు, 93.75 అని కాగితం మీద వేసి మరీ చూపించాను. దాని ముఖం వాడిపోయింది. ఆయన నా వైపు చూశారు. ఆ చూపు మీకు కొత్త కాదు.

నా కోపం దాని మీద కాదు. లాభనష్టాల లెక్కల్లో దానికి మార్కులన్నీ వచ్చాయి, అదీ మంట! ఆ లెక్కల్లోని వర్తకుడంత అదృష్టవంతుడు ఎక్కడా ఉండడు. ఒకటి కొంటాడు, అది అమ్ముతాడు, శాతం కట్టుకుని వెళ్లిపోతాడు. అతనికి అద్దె లేదు, అరువు అడిగేవాళ్లు లేరు, అమ్ముడుపోని సరుకు లేదు. 1494లో ఇటలీ గణితవేత్త లూకా పాచియోలీ వెనిస్‌లో అచ్చువేయించిన గణిత గ్రంథంలోనే, ప్రతి లావాదేవీనీ రెండు వైపులా రాసే జంటపద్దు విధానం ఉంది. మరి మన పిల్లల లెక్కల పుస్తకంలోంచి జమాఖర్చులు ఎప్పుడు జారిపోయాయో!

నాకూ అవే మార్కులు వచ్చాయి. పెళ్లికి ముందు స్నేహితురాలితో కలిసి పెట్టిన అచ్చుపని సంగతి మీకు ఎన్నిసార్లు చెప్పానో. పద్దు పుస్తకంలో ప్రతి నెలా లాభమే. కాగితం ఇచ్చినవారికి నెల తిరక్కుండా కట్టాలి, మాకు రావాల్సిన బిల్లుల డబ్బులేమో రెండు నెలలకు వచ్చేవి. పని పెరిగిన కొద్దీ చేతిలో డబ్బు తగ్గింది. ఎందుకో అర్థం కాక ఇంకా ఎక్కువ పని ఒప్పుకున్నాం. ఆ లోటు పూడ్చడానికి ఏడాది వాయిదాలతో 12 శాతానికి అప్పు తెచ్చాం. అసలు నెలనెలా తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదే. నిజానికి అది ఏడాదికి 21 శాతం దాటుతుందని మూసేశాక తెలిసింది. లాభంలో ఉంటూనే మూతపడ్డాం. పైగా మా ఇద్దరి కష్టానికి జీతమని ఒక్క పద్దూ రాసుకోలేదు.

ఇదంతా ఉన్నత పాఠశాలలోనే నేర్పాలని రాద్దామనే కూర్చున్నాను. రాస్తుంటే అనుమానం వస్తోంది. నేర్పితే అదీ ఒక అధ్యాయం అవుతుంది. నిర్వచనం, నాలుగు మార్కులు, పరీక్షయ్యాక మరుపు. చక్రవడ్డీ నేర్పలేదా మాకు? ఆ అప్పు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఒక్క సూత్రమైనా గుర్తొచ్చిందా? ఈ రోజు దానికి తెలిసింది అమ్మడం వల్ల తెలిసింది. అలాగని నేర్పొద్దనీ అనలేను, మాకు అరువు సంగతి ఒక్కరు చెప్పినా సరిపోయేది.

మంచినీళ్లకు లేచినప్పుడు బల్ల మీద దాని కాగితం కనిపించింది. నా 93.75 కింద మళ్లీ లెక్క మొదలుపెట్టింది. అట్టలు, జిగురు, రంగులు, అన్నిటికీ అంకెలు వేసింది. చివర "మూడు ఆదివారాలు" అని రాసి, ఎదురుగా ఖాళీ వదిలేసింది. పెన్ను తీసుకుని కాసేపు నిలబడ్డాను. ఏం వేయాలో నాకూ తోచలేదు.