ముహూర్తం పెట్టారు, నన్ను మాత్రం అడగలేదు

పాప పుట్టి పన్నెండు రోజులైంది. కూర్చుంటే కుట్లు లాగుతున్నాయి, అయినా ఆ కోపం చల్లారకముందే రాయాలని ఉంది.

ఎనిమిది నెలలూ సాఫీగానే గడిచాయి. ఐరన్, కాల్షియం మాత్రలు, పొద్దున అరగంట నడక, గొంతుక్కూర్చుని కూరగాయలు తరుక్కోవడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం. బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ తల కిందికే ఉంది.

37వ వారంలో మేము చూపించుకునే ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. స్కానింగ్ చూసి డాక్టరమ్మ "పేగు మెడకు చుట్టుకుంది, ఉమ్మనీరూ తగ్గుతోంది" అంది. నేనింకా బల్ల మీదే ఉన్నాను, చీర కూడా సర్దుకోలేదు. ఆ మాట నాతో కాదు, తలుపు దగ్గర నిలబడ్డ మా అత్తమ్మతో చెప్పింది. "సన్నటి పిల్ల, నొప్పులు ఓర్చుకోలేదు. మంచి రోజు చూసుకుని రండి" అంది. అత్తమ్మ అప్పటికే పంతులుగారిని అడిగేసింది. నొప్పుల కోసం చూస్తూ కూర్చుంటే ఎక్కడ ఆశ్లేషలో పడుతుందోనని ఆమె భయం. కౌంటర్ దగ్గర అమ్మాయి "గురువారం 9:20 కేనా?" అని అడిగి రిజిస్టర్‌లో రాసుకుంది. మా ఆయన ఐదు వేలు అడ్వాన్సు కట్టాడు. కోసేది నా కడుపు. నన్ను ఒక్కరూ అడగలేదు. ఆటోలో ఇల్లు చేరేదాకా ఏడ్చాను.

ఆ రాత్రి రిపోర్టు తీసి చదివాను. ఉమ్మనీరు కొలత 9 సెంటీమీటర్లు అని ఉంది. ఐదు కంటే తగ్గితేనే తక్కువంటారు. పేగు ఒక చుట్టు ఉండటం నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి ఉండేదే, అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 మందికి పైగా సిజేరియన్లే, ప్రైవేటులోనైతే 81 మందికి పైగా. మన ఆడవాళ్లందరికీ కనే శక్తి ఒక్కసారిగా పోయిందా? ఆపరేషన్ చెడ్డదని నేననను. మా పెద్దమ్మ కూతురికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే ఆమె ప్రాణం నిలిపింది అదే. అవసరానికి చేయండి, పంచాంగానికి కాదు.

మీకూ ఇలా చెబితే మూడు ప్రశ్నలు అడగండి: ప్రమాదం ఏమిటి, ఎన్ని రోజులు ఆగొచ్చు, ఆగితే బిడ్డను ఎలా కనిపెడతారు? రిపోర్టులు మీ చేతిలోనే ఉంచుకోండి, ఆసుపత్రి ఫైల్లో వదిలేయకండి. అడ్వాన్సు మాత్రం ముందే కట్టకండి. మా ఐదు వేలు ఇప్పటికీ తిరిగి రాలేదు.

మర్నాడే అమ్మ వచ్చి నన్ను తల్లిగారింటికి తీసుకుపోయింది. అత్తమ్మ రెండు వారాలు ఫోన్లో మాట్లాడలేదు. మా ఊరి ఆశా కార్యకర్త ప్రభుత్వ మాతా శిశు కేంద్రానికి వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడ మళ్లీ స్కానింగ్ చేసి, బిడ్డ గుండె చప్పుడు చూసి, వారానికి రెండుసార్లు రమ్మన్నారు. బిడ్డ కదలికలు తగ్గితే మాత్రం అర్ధరాత్రైనా రావాలన్నారు. మంచాలు చాలవు, బాత్రూములు బాగుండవు, నిజమే. కానీ ఏం చెప్పినా నా ముఖం చూసి చెప్పారు.

39 వారాల నాలుగో రోజు రాత్రి నొప్పులు మొదలయ్యాయి. గర్భిణుల కోసం ప్రభుత్వం నడిపే 102 బండిలో వెళ్లాం. మామూలు కాన్పులు చేయించడంలో (మిడ్‌వైఫరీ) శిక్షణ పొందిన సిస్టర్ నన్ను పడుకోబెట్టలేదు, నడిపించింది, నొప్పి వచ్చినప్పుడల్లా నడుము రుద్దింది. అమ్మను పక్కనే ఉండనిచ్చారు. ఓర్చుకోలేదన్న ఆ పిల్లే పదకొండు గంటలు ఓర్చుకుంది.

తల బయటికి వచ్చాక సిస్టర్ "ఒక్క క్షణం ముక్కకమ్మా" అంది. మెడకు నిజంగానే ఒక చుట్టు ఉంది. రెండు వేళ్లతో దాన్ని తల మీదుగా తప్పించింది. మరుక్షణం రెండు కిలోల తొమ్మిది వందల గ్రాముల నా బిడ్డ, వెచ్చగా, తడిగా, నా ఛాతీ మీద ఏడుస్తోంది.