గుర్రం దొంగ నోటు

సిడ్నీలో దిగేముందు విమానంలో ఒక కార్డు ఇచ్చి నింపమన్నారు. తినే వస్తువులు తెచ్చారా, మందులు తెచ్చారా అని అడిగాక, మీకెప్పుడైనా నేరం రుజువై శిక్ష పడిందా అని ఇంకో ప్రశ్న. జీవితంలో పోలీస్ స్టేషన్ మెట్టెక్కని మనిషిని, అయినా "లేదు" దగ్గర గీత పెడుతుంటే చెయ్యి వణికింది. సంచిలో ఉన్న ఆవకాయ టెన్షన్ కూడా కలిసిందనుకోండి.

గుంటూరులో మార్చుకున్న ఇరవై డాలర్ల నోట్లు కొన్ని జేబులో ఉన్నాయి. ఎర్రటి ప్లాస్టిక్ నోటు, దాని మీద కళ్లజోడు, తెల్ల కుచ్చుల టోపీ పెట్టుకున్న ముసలావిడ. ఏ మహారాణో, మిషనరీ డాక్టరమ్మో అనుకున్నా. అల్లుడు నవ్వి, "గుర్రం దొంగ మామయ్యా" అన్నాడు. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అమ్మాయిని వెంటబెట్టుకుని ఆవిడ బతికిన చోట్లు చూడ్డానికి బయల్దేరాను. ఆపెరా హౌస్, బ్రిడ్జి అందరూ రాసేవే, వాటి జోలికి పోను.

వెంట్‌వర్త్‌విల్‌లో రైలెక్కి విన్‌యార్డ్‌లో దిగి సర్క్యులర్ క్వే వైపు నడిస్తే రైబీ ప్లేస్ అని ఒక సన్నటి సందు. ఆవిడ పేరు మేరీ రైబీ. బోర్డు మీద ఇంటిపేరులో ఒక ఇంగ్లీషు అక్షరం ఎగిరిపోయింది. మన రేషన్ కార్డుల్లోనే ఇలా జరుగుతుందనుకునేవాణ్ని. చూడ్డానికేమీ లేదు, అన్నీ ఆఫీసుల గోడలే. అక్కడికి దగ్గర్లోనే కాఫీకి వెళ్లి ఆ నోటు ఇస్తే కౌంటర్‌లో పిల్ల "కార్డ్ ఓన్లీ" అంది. ఆవిడ పేరు పెట్టిన సందు పక్కనే ఆవిడ బొమ్మ చెల్లలేదు! ఐదున్నర డాలర్లు, అంటే మూడు వందల రూపాయల కాఫీకి అమ్మాయి ఫోన్ ఆనించింది. ఆ డబ్బుకి చీరాల స్టేషన్ దగ్గర రైలు పెట్టెలో ఉన్నవాళ్లందరికీ టీ ఇప్పించొచ్చు.

ఆ కాఫీ పట్టుకుని మెక్వారీ ప్లేస్ పార్కులో కూర్చున్నాం. అక్కడొక ఇసుకరాతి స్తంభం ఉంది, 1818 నాటిది. అప్పట్లో ఊళ్ల దూరాలన్నీ దాని దగ్గర్నుంచే కొలిచేవారట, పారామటాకు పదిహేనున్నర మైళ్లని చెక్కి ఉంది. దాని నమూనా గీసిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే ఫోర్జరీ కేసులో శిక్షపడి, ఇంగ్లండ్ నుంచి ఖైదీగా ఇక్కడికి ఓడెక్కినవాడు, పాత పది డాలర్ల నోటు మీద ఆయనా ఉండేవాడట. ఫోర్జరీ చేసినవాడి బొమ్మ నోటు మీద!

మేరీది లాంకషైర్‌లోని బరీ ఊరు, పుట్టింది 1777లో. మగపిల్లాడి బట్టలేసుకుని, జేమ్స్ బరో అని పేరు చెప్పి తిరుగుతూ గుర్రం దొంగతనం కేసులో దొరికింది. అప్పటికింకా పదమూడు, పద్నాలుగేళ్లు. ఏడేళ్ల ప్రవాస శిక్ష. 1792 అక్టోబరులో 'రాయల్ అడ్మిరల్' ఓడ ఇక్కడికి చేరగానే పిన్నికి ఉత్తరం రాసింది. దాన్ని అమ్మాయి ఫోన్‌లో చూపించింది. అంతా తప్పుల తడక. గవర్నర్ ఏడేళ్లే అన్నాడు, ఇక్కడివాళ్లేమో జీవితాంతం అంటున్నారు అని ఏడుపు, ఆ వెంటనే ఉన్నంతలో సంతోషంగానే ఉంటానని సర్దిచెప్పుకోవడం. నా మనవరాలిది అదే వయసు, ఎక్స్‌కర్షన్‌కి పంపడానికే మేం వంద ఫోన్లు చేస్తాం.

పదిహేడేళ్లకు పెళ్లి. మొగుడు థామస్ ఈస్టిండియా కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. కలకత్తాలోని ఎంటాలీ పేరే తెచ్చి ఇంటికి పెట్టుకున్నాడు. 1811లో అతను పోయేనాటికి ఏడుగురు పిల్లలు. ఓడలు, గోదాములు, పొలాలు అన్నీ తనే చూసుకుంది. 1817లో బ్యాంక్ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ మొదలైంది ఈ మెక్వారీ ప్లేస్‌లోని ఆవిడ ఇంట్లోనే. దొంగ ఇంట్లో బ్యాంకు!

ఇక్కడిదాకా బాగానే ఉంది. 1820లో కూతుళ్లతో ఇంగ్లండ్ వెళ్లి మరుసటేడు దర్జాగా తిరిగొచ్చింది కదా, 1828 జనాభా లెక్కల్లో మాత్రం "1821లో స్వేచ్ఛగా వచ్చాను" అని, అంటే ఖైదీగా కాదని రాయించింది. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అంత డబ్బున్నావిడ కూడా!

నాకు గుంటూరు హాస్టల్ రూమ్మేట్ గుర్తొచ్చాడు. ఏ ఫారం నింపినా వాడి ఊరు బాపట్లే. శనివారాలు ఇద్దరం చీరాల మీదుగా పోయే ప్యాసింజర్‌లో వెళ్లేవాళ్లం, వాడు బాపట్లలో దిగేవాడు, నేను వేటపాలెం దాకా. ఒకసారి జ్వరంతో నిద్రపోయాడు, బాపట్ల దాటిపోయింది. నేనే కంగారుగా లేపాను. వాడేం కంగారుపడలేదు. తర్వాతి స్టేషన్‌లో సంచి భుజానేసుకుని దిగి, వెనక్కి చూడకుండా పోయాడు. స్టూవర్ట్‌పురం. నేరస్థ తెగలని ముద్రేసి, ఎరుకల కుటుంబాలను తెచ్చి ఇంగ్లీషువాళ్లు పెట్టించిన ఊరు. ఆ ముద్ర వేసిన చట్టం పోయింది 1952లోనే. అయినా ఆ స్టేషన్ వస్తే మా నాయనమ్మ డబ్బుల సంచి బొడ్లో దోపుకునేది, ఆవిణ్ని చూసి నేనూ జేబు తడుముకునేవాణ్ని. రెండేళ్లు వాడి పక్క మంచం మీదే పడుకున్నా, నా రూపాయి కూడా పోలేదు.

పైకి లేచేసరికి కాఫీ చల్లారిపోయింది. అమ్మాయి ఏమైందని అడిగితే రైలు గుర్తొచ్చిందన్నాను.

ఆ నోటు ఎక్కడా ఖర్చవలేదు. గుంటూరులో మార్చబోతే కొన్న రేటు కంటే బాగా తగ్గించి చెప్పాడు, ఒళ్లు మండి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.