యాసిడ్ గ్రోత్, నులక మంచం, నా మూడో అటెంప్ట్

నిన్న సాయంత్రం రిజల్ట్ చూసుకున్నాను. సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, వచ్చింది. మూడో అటెంప్ట్. అమ్మకు ఫోన్ చేస్తే "సరిగ్గా చూసుకున్నావా, నీ నంబరేనా?" అంది. రెండుసార్లు దెబ్బతిన్న ఇల్లు కదా, తప్పులేదు.

పొద్దున్నుంచి జూనియర్లు "అక్కా, ఏ పుస్తకాలు? రోజుకు ఎన్ని గంటలు?" అని అడుగుతున్నారు. పుస్తకాలు మీ దగ్గర ఉన్నవే. పదమూడు యూనిట్లూ నేనూ పూర్తిచేయలేదు, నాలుగు వదిలేశాను. పార్ట్-ఎ (జనరల్ ఆప్టిట్యూడ్) కి రోజూ అరగంట, పాత పేపర్లు రెండుసార్లు. అంతే. నేను చెప్పాలనుకున్నది రెండో అటెంప్ట్‌లో పోగొట్టుకున్న ఒక్క ప్రశ్న గురించి. యాసిడ్ గ్రోత్, అంటే గోడ పులుపెక్కి మొక్క కణం సాగడం.

ఆరో యూనిట్, పార్ట్-సి. ఆక్సిన్ అనే మొక్క హార్మోన్, పీహెచ్ (ఇది తగ్గితే పులుపు పెరిగినట్టు), కణం సాగడం. బాటనీ ఎమ్మెస్సీ చేసినదాన్ని, చూడగానే ఇది మనదే అనుకున్నాను. ఓట్స్ కోలియాప్టైల్ ముక్కలు, అదే మొలక మొనను కప్పే తొడుగు, ఇంటర్‌లో ప్రాంకుర కంచుకం అని బట్టీపట్టామే, అవి. నాలుగు వాక్యాలు ఇచ్చి సరైన జత ఎంచుకోమన్నారు. "ఆక్సిన్ కణంలో టర్గర్ (లోపలి నీటి ఒత్తిడి) పెంచి గోడను సాగదీస్తుంది" అన్న వాక్యం ఉన్న జతకు టిక్ పెట్టి, నవ్వుకుంటూ ముందుకెళ్లాను. నాలుగు మార్కులు రాకపోగా ఇంకొకటి పోయింది. ఆ ఏడాది నేను తప్పింది కొద్దిలోనే. కీ చూసిన రాత్రి హాస్టల్‌లో అన్నం తినలేదు.

నా నోట్సులో అంతా ఉంది, చూశాను. ఆక్సిన్, బాణం, ప్రోటాన్ పంపు, బాణం, పీహెచ్ తగ్గుదల, బాణం, ఎక్స్‌పాన్సిన్, బాణం, సాగడం. రంగు పెన్నులతో. బాణం అంటే ఏం జరుగుతుందో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

తర్వాత సంక్రాంతికి ఊరెళ్లాను. వరండాలో మా తాత నులక మంచం. కూర్చుంటే నడుము నేలకు తగిలేంత దిగింది. తాత గొణుక్కుంటూ కాళ్లవైపు తాడు ఒక్కో వరస లాగి బిగిస్తున్నాడు. "తెగిందా తాతా?" అన్నాను. "తెగలేదే, వదులైంది. నువ్వేమన్నా బరువెక్కావా ఏంటి!" అన్నాడు. అక్కడే కూర్చుండిపోయాను. బరువు అదే. నులక తెగలేదు. అల్లిక జారింది, మంచం దిగింది.

కణంలోనూ అంతే. లోపలి టర్గర్ ఎప్పుడూ గోడను నెడుతూనే ఉంటుంది. ఆక్సిన్ ఆ నెట్టుడు పెంచదు, గోడను వదులు చేస్తుంది. ప్లాస్మా పొరలోని పంపు ప్రోటాన్లను, అంటే పులుపు తెచ్చే హైడ్రోజన్ అయాన్లను, గోడలోకి తోస్తుంది, అక్కడి పీహెచ్ 5 కన్నా కిందికి దిగుతుంది. గోడలోని ఎక్స్‌పాన్సిన్ అనే ప్రోటీన్‌కు ఆ పులుపు కావాలి. అది సెల్యులోజ్‌ను కోయదు. సెల్యులోజ్ నూలుకూ పక్కనున్న హెమీసెల్యులోజ్‌కూ మధ్య పట్టు సడలిస్తుంది. గోడ జారితే టర్గర్ ఒక్క క్షణం తగ్గుతుంది, నీటి పొటెన్షియల్ (నీళ్లు ఎటు పోవాలో తేల్చే కొలత) పడుతుంది, అప్పుడు నీళ్లు లోపలికొస్తాయి. నేను సరిగ్గా తలకిందులుగా టిక్ పెట్టాను.

అప్పటినుంచి బాణాలు మానేసి, ప్రతి అడుగుకూ "దీన్ని ఆపితే ఏమవుతుంది?" అని రాసుకున్నాను. న్యూట్రల్ బఫర్‌లో, అంటే పీహెచ్ 7 దగ్గర మారకుండా ఆపే ద్రావణంలో, పెడితే? ఆక్సిన్ ఉన్నా ముక్క సాగదు. వెనడేట్ ఇస్తే? పంపు ఆగుతుంది, సాగడమూ ఆగుతుంది. ఆక్సిన్ లేకుండా ఫ్యూజికాక్సిన్ అనే శిలీంధ్ర విషం ఇస్తే? అది పంపును నేరుగా నడిపిస్తుంది, ముక్క సాగుతుంది. ఆక్సిన్ కూడా లేకుండా ఉత్త ఆమ్ల బఫర్? క్యూటికిల్ (పైనున్న మైనపు పొర) గీకి పెడితే నిమిషాల్లోనే సాగుతుంది. అదే ఆక్సిన్‌కైతే దాదాపు 10 నిమిషాలు ఆగాలి.

నాకు బాగా నచ్చింది దోసమొలకల ప్రయోగం. హైపోకోటైల్‌ను (మొలక కాండాన్ని) గడ్డకట్టించి, కరిగించి, బరువు వేలాడదీస్తారు. కణాలు చచ్చిపోయాయి, టర్గర్ లేదు. పీహెచ్ 7లో కదలదు, 4.5లో సాగుతుంది. అదే గోడను మరిగిస్తే ఎంత పులుపు పోసినా సాగదు, ప్రోటీన్ చెడిపోయింది కాబట్టి. మరిగించిన దానికి పచ్చి గోడల నుంచి తీసిన ప్రోటీన్ కలిపితే మళ్లీ సాగింది. 1992లో ఎక్స్‌పాన్సిన్ దొరికింది అలాగే. ఈ ఒక్క పేరా అర్థమైతే పది పేజీల నోట్సు అక్కర్లేదు.

రెండు గుంటలు మాత్రం చూసుకోండి. జిబ్బరెల్లిన్ అనే ఇంకో హార్మోన్ కూడా కణాన్ని సాగదీస్తుంది కదా అని దానికీ ఆమ్లం అంటించకండి, అది గోడను పులుపెక్కించి పనిచేయదు. వేరులో కథ వేరు, అక్కడ ఆక్సిన్ ఎక్కువైతే గోడ పీహెచ్ పెరిగి పెరుగుదల ఆగుతుంది. "ఆక్సిన్ ఎప్పుడూ" అని మొదలయ్యే వాక్యం కనిపిస్తే అనుమానించండి.

మిగతాదంతా మీకు తెలిసిందే. ఫోన్ వేరే గదిలో పెట్టండి. నేను పెట్టలేదు, మొదటి అటెంప్ట్ అలాగే పోయింది. కొందరు "ఈ వయసులో మూడోసారా" అన్నారు, పెళ్లి మాటలు కూడా వచ్చాయి. కోచింగ్ మధ్యలో మానేసినందుకు డబ్బు వృథా అన్నారు. వృథా కాదు, అక్కడ బాణాలే చెప్పారు, నాకు బాణాలు సరిపోలేదు. రోజుకు పన్నెండు గంటలు చదివానని అబద్ధం చెప్పను. ఆరు గంటలు చదివాను, ఒక్కరోజు తప్పలేదు. పొద్దున ఐదింటికి లేవలేనివాళ్లు రాత్రి చదవండి, కానీ రోజూ అదే వేళకు కూర్చోండి. అది కూడా చేయలేమంటే ఇక నన్ను అడగకండి.

అసలు సంగతి మరిచాను. ఈసారి నా పేపర్‌లో యాసిడ్ గ్రోత్ మీద ప్రశ్నే రాలేదు! ఏడాదంతా తయారైన పెళ్లికి ముహూర్తం తప్పినట్టయింది. ఫ్యూజికాక్సిన్ మాత్రం వచ్చింది, పత్రరంధ్రాల ప్రశ్నలో. అదే పంపు, ఈసారి రంధ్రాన్ని తెరిచి మూసే గార్డ్ సెల్స్‌లో. పంపు ఆగకపోతే రంధ్రం మూసుకోదు, మొక్క వాడిపోతుంది. అర నిమిషంలో టిక్ పెట్టాను, ఈసారి నవ్వలేదు.

"ఆపితే ఏమవుతుంది" నోట్‌బుక్ ఫొటోలు కావాలన్నవాళ్లకు ఆదివారం పంపిస్తాను. చేతిరాత మీరే భరించాలి.