మోటార్‌హోమ్ ఘాట్ ఎక్కనంటే: టర్బో గాలి లీకు వెతికే పని పిల్లలకు అప్పగించండి

వేసవికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో తిప్పడానికి మోటార్‌హోమ్ అంత సుఖమైన బండి అమెరికాలో మరొకటి లేదు. బాత్రూమ్ వెంటే ఉంటుంది, వేళకి అన్నం వండుకోవచ్చు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కాసేపు నడుం వాల్చొచ్చు. కాకపోతే పదిహేను, ఇరవై ఏళ్ళ నాటి డీజిల్ పుషర్ (ఇంజిన్ వెనక, మంచం కింద ఉండే మోటార్‌హోమ్) కొనుక్కున్న ఇళ్ళలో ఏదో ఒక వేసవిలో ‘బండి లాగడం లేదు’ అనే మాట వినబడుతుంది. చదునులో బాగానే పోతుంది. కొలరాడోలో ఐ-70 మీద, 11,000 అడుగుల ఎత్తున ఉన్న ఐసెన్‌హవర్ సొరంగం వైపు ఎక్కేటప్పుడు మాత్రం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఈడుస్తుంది. ఎత్తు వల్లేలే అని సర్దుకుంటారు. ప్రతి 1,000 అడుగులకు గాలి సాంద్రత సుమారు 3 శాతం తగ్గే మాట నిజమే. కానీ ఆ లోటు చాలావరకు పూడ్చడానికే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపే టర్బో ఉంది. పోయిన ఏడు ఎక్కిన ఘాట్ ఈ ఏడు ఎక్కలేకపోతే తప్పు కొండది కాదు.

ఇంట్లో పదమూడు దాటిన పిల్లలుంటే బండిని షాపుకు పంపే ముందు ఒక శనివారం వాళ్ళతో కలిసి వెతకండి. ‘నువ్వు చదువుకో, ఆ మురికి పని మెకానిక్ చూసుకుంటాడు’ అన్న మాట వింటూ పెరిగిన తరం మనది. ఇక్కడ పిల్లలు చూసే లోకం వేరు. పక్కింటి పిల్లవాడు నాన్నతో కలిసి బ్రేక్ ప్యాడ్లు మారుస్తాడు, మన పిల్లలు కిటికీలోంచి చూస్తారు. పైగా మన ఇళ్ళలో తెలుగు ఎక్కువగా భోజనాల దగ్గర, మందలింపుల్లో వినిపిస్తుంది. పనిలో వినిపించేది తక్కువ. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే చార్జ్ ఎయిర్ కూలర్‌ను ఆ పేరుతోనే పిలవండి, ఇబ్బంది లేదు. మిగతా మాటలన్నీ తెలుగులో నడవాలి: బిగించు, కొంచెం వదులు చెయ్యి, ఎక్కడ బుడగలు వస్తున్నాయో చూడు నాన్నా.

మొదట బూస్ట్ కొలత, అంటే టర్బో నింపే అదనపు గాలి ఒత్తిడి. ఇంజిన్ కంప్యూటర్ అంకెలు చదివే స్కానర్ పని పిల్లలకు ఇచ్చేయండి, మనకంటే వేగంగా పట్టేస్తారు. పెద్ద బండ్లకు ఎక్కువగా 9 పిన్నుల గుండ్రటి కనెక్టర్ ఉంటుంది, ఇంకా పాతవాటికి 6 పిన్నులు. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఇంజిన్ ఆపి, కీ మాత్రం తిప్పి చూసినప్పుడు మీటరు సముద్రమట్టంలో 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిస్తే అది బూస్ట్ కాదు, వాతావరణ పీడనం. డెన్వర్‌లో అదే అంకె 12 దగ్గర ఉంటుంది. అలాంటి స్కానర్ చూపే విలువలోంచి దాన్ని తీసేస్తేనే అసలు బూస్ట్ తేలుతుంది. ఇంటి ముందు నిలబెట్టి రేజ్ చేసి చూడటం కూడా దండగ, లోడు లేనిదే టర్బో గాలి నింపదు. ఎత్తు రోడ్డులో పూర్తి యాక్సిలరేటర్ మీద, పిల్లలు బెల్టు పెట్టుకుని పక్క సీట్లో కూర్చుని అంకెలు చదవాలి. ఈ ఇంజిన్లలో చాలావాటికి పూర్తి లోడు మీద 20 నుంచి 30 పీఎస్ఐ దాకా రావాలి. కచ్చితమైన అంకె మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది. 12 దగ్గరే ఆగిపోతే ఎక్కడో తేడా ఉంది.

ఇప్పుడు పొగ చూడాలి. బూస్ట్ తక్కువ, పొగ నల్లగా ఉందంటే డీజిల్ సరిగా అందుతోంది, గాలి అందడం లేదు. బూస్ట్ తక్కువే, పొగ మాత్రం లేదంటే డీజిలే చాలడం లేదేమో చూడాలి. టర్బో తిరిగేది కాలిన డీజిల్ ఇచ్చే వేడి మీదే కాబట్టి, ఫ్యూయెల్ ఫిల్టర్ మూసుకుపోయినా బూస్ట్ పడిపోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు కదలని మోటార్‌హోమ్‌కు ఈ జబ్బు మరీ ఎక్కువ. అందుకే టర్బో జోలికి పోకముందే రెండు ఫ్యూయెల్ ఫిల్టర్లూ మార్చేయడం మంచిది. 2007 తర్వాతి ఇంజిన్లలో నల్ల పొగను సైలెన్సర్ దగ్గరి మసి ఫిల్టర్ పట్టేస్తుంది, కంటికి కనబడదు. దానికి బదులు రీజెన్ (ఆ ఫిల్టర్‌లో పట్టిన మసిని కాల్చేయడం) మాటిమాటికీ మొదలవుతుంది. ఎయిర్ ఫిల్టర్ దగ్గర గాలికి ఎంత అడ్డు ఉందో చూపే చిన్న గేజ్ ఉంటుంది, అది 25 అంగుళాల నీటి మట్టం దాటితే ఫిల్టర్ మార్చాలి.

పొగ గాలి లోటునే చూపిస్తే, ఎక్కువసార్లు దోషం టర్బోది కాదు, దాని తర్వాతి దారిది. టర్బో నుంచి కూలర్‌కు, కూలర్ నుంచి ఇంజిన్‌కు పోయే పైపుల మధ్య 3, 4 అంగుళాల సిలికాన్ గొట్టాలుంటాయి. వాటి అడుగు వైపు, చేత్తో తడిమితే తప్ప తెలియని చోట చీలిక వస్తుంది. క్లాంపు కింద నూనె తడి, దాని మీద అంటుకున్న దుమ్ము గీత కనబడితే గాలి అక్కడే పోతోంది. చిన్న చేతులు ఆ సందుల్లోకి మనకంటే బాగా పోతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, కీ జేబులో పెట్టుకున్నాకే. ఒక సంగతి ఇంట్లో అందరికీ ఖండితంగా చెప్పాలి: ఎయిర్ సస్పెన్షన్ బండి నిలబడి ఉండగానే గాలి వదిలి కిందికి దిగిపోగలదు. ఛాసిస్ కింద బరువు ఆపే స్టాండులు పెట్టకుండా పిల్లలూ వద్దు, మీరూ వద్దు. మంచం కింది మూత ఎత్తి పైనుంచి అందేంత వరకే మొదటి రోజు పని.

అసలు పరీక్ష ఒత్తిడి పరీక్ష. కూలర్ గొట్టాల్ని టర్బో దగ్గర, ఇంజిన్ దగ్గర విప్పి, రెండు చివర్లా టెస్ట్ ప్లగ్గులు బిగిస్తారు. ఒక ప్లగ్గుకు రెగ్యులేటర్, గేజ్, వాల్వ్ ఉంటాయి. గాలి పెట్టే ముందు పిల్లల చేతికి కాగితం ఇచ్చి లెక్క కట్టించండి. 4 అంగుళాల ప్లగ్గు వైశాల్యం సుమారు 12.6 చదరపు అంగుళాలు, దాని మీద 30 పీఎస్ఐ అంటే దాదాపు 378 పౌండ్లు. ఏడు పాతిక కిలోల బియ్యం బస్తాలు ఆ ప్లగ్గును తోస్తున్నట్టు. ఆ అంకె తన చేత్తో రాసిన పిల్ల ఇక ప్లగ్గుకు ఎదురుగా నిలబడదు, ప్లగ్గు ఎగిరిపోకుండా గొలుసు కట్టారా లేదా అని తనే అడుగుతుంది. వద్దు అని పదిసార్లు చెప్పడం కంటే ఇది నయం.

ముందు 10 పీఎస్ఐ పెట్టి, స్ప్రే సీసాలో సబ్బు నీళ్ళతో ప్రతి జాయింటూ తడపాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. తర్వాత 30కి పెంచి, వాల్వ్ మూసి, గడియారం చూడాలి. ఇంజిన్లు చేసే కమిన్స్ కంపెనీ లెక్కలో 15 సెకన్లలో 7 పీఎస్ఐ కంటే ఎక్కువ పడితే కూలర్ పోయినట్టే. గొట్టాలన్నీ బాగుండి కూడా పడుతుంటే, కూలర్ పక్క ట్యాంకు దాని లోపలి సన్న గొట్టాలతో కలిసే అంచున నురగ వస్తుంది. దాన్ని ఇంట్లో అతికించే ప్రయత్నం చేయొద్దు.

గొట్టం మార్చేటప్పుడు పైపు చివర నూనెను బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. గ్రీజు రాసి ఎక్కిస్తే సులువుగానే ఎక్కుతుంది, మొదటి ఘాట్‌లోనే ఊడి వస్తుంది. పురి తిప్పే పాత క్లాంపులు తీసేసి స్ప్రింగు ఉన్న టీ-బోల్ట్ క్లాంపులు వేయాలి. బిగింపు సాధారణంగా 8 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. టార్క్ రెంచ్ పిల్లలకే ఇవ్వండి. ‘టక్’ మన్నాక ఇంకో చుట్టు తిప్పితే సిలికాన్ తెగుతుందని చెప్పి, చేయి వెనక్కి తీసుకోండి. నెమ్మదిగా చేస్తున్నారని పానా లాక్కుంటే మళ్ళీ గ్యారేజీలోకి రారు.

లీకు దొరకకపోతే, పాత ఇంజిన్‌లో వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బో పక్కనుంచి పంపేసే తలుపు) తెరుచుకునే బిగుసుకుపోయిందేమో చూడాలి. కొత్తవాటిలో కదిలే రెక్కలున్న వేరియబుల్ జామెట్రీ టర్బో మసి పట్టి బిగుసుకుపోతుంది, స్కానర్‌లో 641 కోడ్ దాని వైపు వేలు చూపిస్తుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని అడ్డగించి వేగం తగ్గించేది) రోజూ వాడే బండిలో ఆ రెక్కలు కదులుతూ ఉంటాయి కాబట్టి ఈ బాధ తక్కువ. ఇంజిన్ పొగను టర్బోకు చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంచున నల్ల మసి గీత ఉంటే టర్బోను తిప్పాల్సిన పొగ దారిలోనే పోతోంది. టర్బో షాఫ్ట్ పక్కలకు కాస్త కదలడం మామూలే, ముందుకీ వెనక్కీ కదలిక చేతికి తెలిసిందంటే అది షాపు పని. అప్పుడు కూడా మెకానిక్‌తో మాట్లాడేది పిల్లలే కావాలి. ఎత్తులో ఎంత బూస్ట్, పొగ రంగు, 15 సెకన్లలో ఎంత పడింది అని రాసిన కాగితం ఇంగ్లిష్‌లో మెకానిక్‌కు వివరించి, అతను చెప్పింది తాతయ్యకు తెలుగులో చెప్పమనండి.

కొత్త గొట్టాలు వేసిన బండిని అదే ఎత్తు రోడ్డులో, అదే గేరులో మళ్ళీ నడిపి పాత అంకెల పక్కన కొత్తవి రాయాలి. 500 మైళ్ళ తర్వాత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్లాంపుల బిగింపు మరోసారి చూడాలి. ఆ తారీఖు గుర్తుపెట్టుకుని మనకు చెప్పే బాధ్యత టార్క్ రెంచ్ పట్టిన వాళ్ళదే.