మీటర్ల 14.7 అంటే ఏంది?

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీకి ఎండాకాలం ట్యూనింగ్ బండ్లు పొద్దు గూకినంకనే వస్తాయి. పగటి వేడికి గాలి పలచబడి ఇంజిన్‌కు ఆక్సిజన్ తక్కువ అందుతుంది, నాకింగ్ (పెట్రోల్ వేళకాకుండా తనంతట తనే అంటుకొని ఇంజిన్ టకటకమనడం) కూడా తొందరగా మొదలవుతుంది. అందుకే రాత్రి పని. బండిని డైనో (ఉన్నచోటే చక్రాలు తిప్పి ఇంజిన్ బలం కొలిచే యంత్రం) రోలర్ల మీదికి ఎక్కించి, సైలెన్సర్ పైపులో గాలి-పెట్రోల్ పాళ్లు చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సార్ బిగించి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాం.

కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. మామూలుగా నడిచేటప్పుడు సెన్సార్ మీటరు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. యాక్సిలరేటర్ ఫుల్లు తొక్కితే టర్బో లేని బండికి 12.5 నుంచి 13, టర్బో బండికి 11.5 నుంచి 12 ఉండేట్టు చూస్తాం. అంకె తగ్గిందంటే పెట్రోల్ ఎక్కువైనట్టు. ఎక్కువ పోసిన పెట్రోల్ లోపలి వేడిని తగ్గిస్తుంది. ఈ అంకెలు ఎవరైనా బట్టీ పట్టొచ్చు. కష్టమంతా వాటిని నమ్మాలా వద్దా అన్నదగ్గరే.

సెన్సార్‌కు పెట్రోల్ ఎంత పోసినమో కనపడదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌నే అది కొలుస్తుంది. ఒక సిలిండర్ మిస్ కొట్టిందనుకోండి, కాలని పెట్రోల్‌తో పాటు వాడని ఆక్సిజన్ కూడా పైపులోకి వస్తుంది. మీటరు లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) అంటుంది. కొత్తగా వచ్చినోళ్లు వెంటనే పెట్రోల్ పెంచుతారు. ప్లగ్గులు ఇంకా తడుస్తాయి, మిస్ ఇంకా పెరుగుతుంది, సిలిండర్ గోడల మీది ఆయిల్ కడుక్కుపోతుంది. సెన్సార్ కంటే ముందు గ్యాస్కెట్ దగ్గర చిన్న సందున్నా అంతే. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ ఊరికే నడిచేటప్పుడు) బయటిగాలి లోపలికి గుంజుకొని 16, 17 చూపిస్తుంది. మా ఉస్తాద్ కేరళాయన. లీకులు చూడకుండా ల్యాప్‌టాప్ తెరవనివ్వడు. ఆయన దగ్గర నేర్చుకోవడం నా అదృష్టం. మన నల్లగొండ, పాలమూరు పిల్లలు చానామంది గ్యారేజీలకు హెల్పర్లుగానే వస్తారు, టైర్లు విప్పుతూనే ఏండ్లు గడుస్తాయి. ఈ విద్య వాళ్ల చేతికి అందాలని నా కోరిక.

మా చిన్నాయిన కొడుకుకు దేవరకొండలో షెడ్డు ఉంది. మొన్న వీడియో కాల్ చేసి అడిగిండు: "అన్నా, ఇప్పుడు పెట్రోల్ల 20 శాతం ఇథనాల్ కలుపుతున్నరు కద, మీటర్ల మాత్రం గదే 14.7 చూపిస్తుంది. మీటరు ఖరాబైందా?"

మంచి ప్రశ్న. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి ఆ పెట్రోల్‌కు నిజమైన లెక్క 13.5 దరిదాపుల్లో ఉంటుంది. కానీ మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి సెన్సార్ చెప్పేది లాంబ్డా, అంటే వచ్చిన గాలి కావాల్సినదానికి ఎన్ని రెట్లు అన్నది. గాలి సరిగ్గా సరిపోతే ఏ ఇంధనానికైనా లాంబ్డా 1. ఆ ఒకటిని మీటరు 14.7తో గుణించి చూపిస్తుంది, అంతే. "మీటర్ల సెట్టింగ్‌ను లాంబ్డాకు మార్చుకో తమ్మీ, ఏ పెట్రోల్ పోసినా తిప్పలుండది" అన్న.

స్కానర్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ (బండి కంప్యూటర్ ఇంధనంలో చేసుకునే దిద్దుబాటు) ప్లస్‌లో కనిపిస్తుందన్నాడు తమ్ముడు. కంప్యూటర్ తనంతట తనే ఇంధనం పెంచుకుంటోందన్నమాట. అయితే ఫుల్లు తొక్కినప్పుడు చానా బండ్లలో సెన్సార్ చెప్పినట్టు ఎప్పటికప్పుడు దిద్దుకోవడం ఆగిపోతుంది. లీన్ అయితే పిస్టన్ కరిగేది అప్పుడే.

"మల్లేపల్లి రోడ్డు మీద తొక్కి చూడనా?"

"అస్సలొద్దు. డైనో ఉన్నకాడికి తీసుకపో."

"గా పైసలు ఓనర్ ఇయ్యడన్నా."

"ఇంజిన్ విప్పితే ఎంతైతదో ముందుగాల ఆయనకు చెప్పు. ఇస్తడు."