డచ్ స్పీకింగ్ ప్రిపరేషన్: ‘ఖెవేస్ట్’ దగ్గర బోల్తా పడ్డాక

నెదర్లాండ్స్‌లో ఉంటూ ఇన్‌బర్గరింగ్ పరీక్షకు, అంటే ఇక్కడ స్థిరపడటానికి బయటి దేశాలవాళ్ళు రాసే పరీక్షకు చదువుతున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. నేను రాసింది ఏ2, అంటే ప్రాథమిక స్థాయి. రీడింగ్, లిజనింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నమూనా పేపర్లు చేస్తే అలవాటైపోతాయి. నన్ను ఏడిపించింది స్పీకింగ్. అందులోనూ ఒకే ఒక్క మాట, ఖెవేస్ట్.

జరిగిపోయిన పని చెప్పే క్రియా రూపాలున్నాయి కదా, వెర్కన్ (పనిచేయడం)కి ఖెవెర్క్ట్, వోనన్ (నివసించడం)కి ఖెవోన్ట్ అని వాటి పట్టిక చక్కగా సాగుతుంటుంది. ‘ఉండు’ అనే అర్థమున్న జైన్ దగ్గరికొచ్చేసరికి పోలికే లేని ఖెవేస్ట్ కనిపిస్తుంది. వేజన్ అనే పాత క్రియ తాలూకు రూపమట. బట్టీ పట్టేశాను, ఎక్కడ వాడాలో పట్టించుకోలేదు.

ఒకరోజు మా ఆయన పేరున వచ్చిన పార్సిల్ పక్కింటావిడ తీసుకుని, సాయంత్రం తెచ్చిచ్చింది. ‘మీవారు లేరా?’ అంది. ‘హై ఇస్ నార్ ఇండియా ఖెవేస్ట్’ అన్నాను, కాస్త గొప్పగానే. ‘అలాగా, ఎప్పుడొచ్చారు?’ అంటూ నా భుజం మీదుగా హాల్లోకి తొంగి చూసింది. ఆయనేమో ఇంకా విజయవాడలోనే ఉన్నారు!

నేనన్నదానికి అర్థం ‘వెళ్ళొచ్చారు’. వెళ్ళారు, ఇంకా రాలేదు అనాలంటే ‘హై ఇస్ నార్ ఇండియా ఖెఖాన్’ అనాలి. గుమ్మం దాటేటప్పుడు ‘వెళ్తా’ అనకుండా ‘వెళ్ళొస్తా’ అనే మనకి ఈ తేడా ఇంకొకరు నేర్పాలా? నేను మాత్రం ఇంగ్లీషులో ఆలోచించి తప్పులో కాలేశాను.

‘ఐ హ్యావ్ బీన్’ అనే ఆ ఇంగ్లీషు అలవాటుతోనే మరో తప్పు, ‘ఇక్ హెప్ ఖెవేస్ట్’. ఇక్కడ హెప్ (హ్యావ్) కాదు, బెన్ (యామ్). ‘ఇక్ బెన్ జీక్ ఖెవేస్ట్’ అంటే ఒంట్లో బాగాలేకపోయిందని. బెన్ ముందే వస్తుంది, ఖెవేస్ట్ చివర్లో. మధ్యలో ఊరు, రోజు, ఎవరితో అన్నీ చెప్పుకొచ్చేసరికి ఆ చివరి మాట మర్చిపోతాం. పరీక్షలో ఎదురుగా మనిషి ఉండరు, కంప్యూటర్ ముందు మైక్‌లో మాట్లాడాలి. అందించేవాళ్ళుండరు. అందుకే రోజూ కూరలు తరుగుతూ, ఆరోజు ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చానో పైకే చెప్పుకునేదాన్ని. లైబ్రరీ, డాక్టరు, సంత, ఏదైతే అది.

ఈతకెళ్ళొచ్చాం అనాలంటే మళ్ళీ ఖెవేస్ట్ పోయి ‘వే జైన్ వేజన్ జ్వెమ్మన్’ అవుతుంది. అది తెలుసుకుని ఉండండి చాలు, టెన్షన్‌లో వాడబోకండి.

స్పీకింగ్ గట్టెక్కింది. రైటింగ్ పోయింది. మళ్ళీ డబ్బు కట్టాను, ఆ ముచ్చట రిజల్ట్ వచ్చాక రాస్తాను.